షామియానా గుంజ పక్కన మనిషి

కెమెరా లెన్సు చుట్టూ ఉండే అంకెల్లో రెండు చిన్నదనీ, పదహారు పెద్దదనీ నేను నమ్మాను. నమ్మడానికి కారణం లేకపోలేదు. ఒకటో తరగతిలో పంతులుగారు అట్లాగే చెప్పారు. ఇంటర్లో లెక్కలు తప్పిన మాట నిజమే గానీ, రెండు కంటే పదహారు పెద్దదన్న ఒక్క విషయంలో మాత్రం నా బుర్ర మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. నా చదువు మొత్తంలో నేను ధైర్యంగా చెప్పగలిగిన లెక్క అదొక్కటే. తీరా చూస్తే అదే తప్పయింది.

మొన్న ఒక పెళ్లిలో మా అమ్మాయి తన ఫోనుతో నా ఫోటో తీసింది. తీసి, తెర మీద వేలు అటూ ఇటూ జరిపింది. నా వెనక బంతిలో వడ్డిస్తున్నవాళ్లూ, చేతులు కడుక్కుంటున్నవాళ్లూ, ఓ మూల నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్న ముసలాయనా అందరూ మెల్లగా కరిగిపోయారు. నేనొక్కణ్ణే మిగిలాను, బట్టతలతో సహా తేటగా.

"చూడు నాన్నా, వెనక చెత్తంతా పోయింది" అంది.

"ఆ ముసలాయన్ని మళ్లీ తేగలవా?" అని అడిగాను.

అదేం ప్రశ్న అన్నట్టు చూసి, వేలు వెనక్కి జరిపింది. ముసలాయన వచ్చేశాడు. కళ్లజోడూ, భుజం మీద తువ్వాలూ అన్నీ ఉన్నాయి. ఇంత తేలికా అనిపించింది. ఆ పూట పప్పులో ఉప్పుందో లేదో నాకు తెలియలేదు.

ఇంటర్ తప్పాక మా నాన్న నన్ను పొలానికి రమ్మనలేదు. పత్తిచేలో ఉన్న పురుగులు చాలన్నాడు. పేటలో బస్టాండు వెనక ఒక ఫోటో స్టూడియో ఉంటే అందులో పనికి పెట్టాడు. మా ఊరి నుంచి పేటకి సైకిలు మీద పోయేవాణ్ణి. దారి పొడుగునా నల్లరేగడి. వానొస్తే సైకిలు నన్ను మోసేది కాదు, నేనే సైకిల్ని మోసేవాణ్ణి. స్టూడియోలో అడుగుపెడితే ఫోటోలు కడిగే హైపో నీళ్ల పులుపు వాసన, తెర వెనక చెమట పట్టిన పౌడరు వాసన, వాటి పైన గురువుగారి నశ్యం. మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే మా అమ్మ పెట్టిన పండుమిరప పచ్చడి ఆ వాసనలన్నిటినీ కాసేపు తరిమేసేది. గురువుగారు అడగరు. పచ్చడి వైపు చూస్తారు. నేను సగం తీసి ఆయన మూతలో పెట్టేవాణ్ణి. అదే నా గురుదక్షిణ.

గురువుగారు మంచి పనివాడు. కానీ ఆ పని ఎవరికీ చెప్పరు. "విద్య చెబితే రాదురా, చూస్తే వస్తుంది" అనేవారు. సరే చూద్దామని పక్కన చేరితే, కెమెరా సరిచేసుకునేటప్పుడు అటు తిరిగిపోయేవారు. ఏడాది పాటు నేను చదువుకున్నది ఆయన వీపు. ఆయన దగ్గర నాకు పూర్తిగా వచ్చిన విద్య ఒకటే, ఉత్త ఫ్లాష్ కొట్టడం. అప్పట్లో పెళ్లంటే రీలు పొదుపుగా వాడాలి. చుట్టాలు మాత్రం పొదుపుగా రారు. ప్రతి మేనత్తా, ప్రతి చంటిపిల్లా కెమెరా ముందుకొచ్చి నిలబడేది. కాదంటే అలుగుతారు. అందుకని రీలు తిప్పకుండా ఫ్లాష్ మాత్రం వెలిగించేవాళ్లం. వాళ్లూ సంతోషం, రీలూ భద్రం.

ఈ గుట్టు తెలిసిన బయటి మనిషి మా బావ ఒక్కడే.

బావంటే మా పెదనాన్న కూతురి మొగుడు. వేరే ఊరి నుంచి వచ్చి మా ఊళ్లో కౌలుకి పత్తి వేసేవాడు. వాళ్ల పెళ్లికి రెండు వైపుల పెద్దలూ మొహాలు తిప్పుకున్నారు గనక పెదకాకాని గుళ్లో మూడు ముళ్లు వేసి తీసుకొచ్చాడు. ఫోటో ఊసే లేదు. ఆయన మొహం అచ్చులోకి ఎక్కింది ఓటు కార్డులో ఒక్కచోటే. ఆ కార్డుల్లో మా ఊళ్లో మగవాళ్లందరూ ఒకే మాడిపోయిన అట్టులా ఉండేవాళ్లు. ఓటేసేటప్పుడు ఎవరి కార్డు ఎవరు పట్టుకెళ్లినా అడిగేవాళ్లు లేరు.

ఆదివారాలు నేను కెమెరా మెళ్లో వేసుకుని వాళ్లింటికి పోయేవాణ్ణి. అక్క పత్తికట్టె పొయ్యి మీద గోంగూర ఉడికిస్తూ ఉండేది. ఆ పొగ కళ్లల్లో పడితే ఏడుపు, గోంగూర నోట్లో పడితే నవ్వు. బావ గుమ్మంలోంచే కేకేసేవాడు.

"ఫోటోగ్రాఫరు గారొచ్చారు, మొహాలు కడుక్కోండర్రా!"

తనూ కడుక్కుని, తల దువ్వుకుని, చంటిదాన్ని చంకనేసుకుని నిలబడేవాడు.

"బామ్మర్దీ, ఇది ఉత్తదా, నిజందా?"

"ఉత్తదే బావా. రీలు గురువుగారిది."

"పోన్లే, కొట్టు. వెలుగు బానే ఉంటది."

కొట్టేవాణ్ణి. చంటిది వెలుగు చూసి కిలకిలా నవ్వేది. దాన్ని చూసి బావ నవ్వేవాడు. పళ్లన్నీ కనిపించే నవ్వు. ఎన్ని ఉత్త ఫోటోల్లో నవ్వాడో లెక్కలేదు.

వైశాఖంలో మా బాబాయి కూతురి పెళ్లి కుదిరింది. అదే ముహూర్తానికి మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే ఒకాయన ఇంట్లోనూ పెళ్లి. గురువుగారు రాళ్ల వైపు మొగ్గారు. మట్టి మనుషుల పెళ్లికి నన్ను పంపారు. పంపుతూ, ఏ కళనున్నారో గానీ ఒక ముక్క చెప్పారు.

"గ్రూపు ఫోటోకి లోతు కావాల్రా. ముందున్నవాడూ తెలియాలి, వెనకున్నవాడూ తెలియాలి. బెజ్జం చిన్నది చేస్తే లోతు ఎక్కువ వస్తుంది. బెజ్జం పెద్దదైతే లోతు పోతుంది. అంతే. ఇంక నన్నేం అడక్కు."

అడగొద్దన్నారు గనక అడగలేదు. చిన్న బెజ్జం అంటే చిన్న అంకె. చిన్న అంకె రెండు. పెళ్లిపందిట్లో ఆ లెన్సుని టకటకా తిప్పి రెండు మీద పెట్టినప్పుడు, ఇంతకాలానికి విద్య చేతికొచ్చిందన్న గర్వంతో నా మెడ కాస్త పొడుగైంది కూడా.

ఆ పెళ్లికి పురుగుమందుల కొట్టాయన వచ్చాడు. ఆ రోజుల్లో ఆయన రాని పెళ్లి పెళ్లి కాదు. మనుషులకి జబ్బు చేస్తే ఆర్‌ఎంపీ, పైరుకి జబ్బు చేస్తే కొట్టాయన. తెగులు సోకిన ఆకు తుంపి తీసుకెళ్లి చూపిస్తే, చూసీ చూడకుండా వెనక అలమరలోంచి ఓ సీసా తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆ చేత్తో ఇచ్చిందే మందు, ఆ నోటితో చెప్పిందే మోతాదు. పెళ్లికొడుకు కంటే ముందు ఆయనకి కుర్చీ వేశారు.

"ఆయన బాగా పడాల్రా" అన్నాడు మా బాబాయి నా చెవిలో. అందుకని నేను దగ్గరికి జరిగాను. కుర్చీలో ఆయన, అటూ ఇటూ పెళ్లివాళ్లు, వాళ్ల వెనక మేనత్తలూ మామలూ, ఆ వెనక బెంచీల మీద కుర్రాళ్లు. సాంబారు బకెట్టు పక్కన పడేసి బావ ఆఖరున పరిగెత్తుకొచ్చాడు. బెంచీ మీద చోటు లేదు. ఇంకా వెనక షామియానా గుంజని ఒక చేత్తో వాటేసుకుని, మునివేళ్ల మీద నిలబడ్డాడు.

"బామ్మర్దీ! ఇది ఉత్తదా, నిజందా?"

పందిరంతా గొల్లుమంది. నాకు చెమట్లు పట్టాయి.

"నిజందే బావా! కదలకు!"

అంతే, నవ్వు ఆపేశాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. గడ్డం కాస్త పైకెత్తి, ఏదో పెద్ద పంచాయితీకి వచ్చినవాడిలా కెమెరా వైపు చూశాడు. నిజం ఫోటోలో నవ్వకూడదని మా వైపు పట్టింపు.

రంగు ప్రింట్లు గుంటూరు ల్యాబు నుంచి బస్సులో వచ్చాయి. కొట్టాయన మీసంలో వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆయన వెనక మేనత్తలు తెల్లారుజాము మంచులో ఉన్నారు. బెంచీ మీద కుర్రాళ్లు ఆ మంచులోనే తప్పిపోయారు. గుంజ పక్కన ఒక నిలువు మరక, దాని మీద ఒక గుండ్రటి మరక. అంతే.

"మమ్మల్నేం చేశావురా, పొగపెట్టావా?" అని మేనత్త తగువేసుకుంది. వెనక వరుసంతా పెళ్లికూతురి వైపు వాళ్లు కావడంతో, ఇది మగపెళ్లివారు కావాలని చేయించిన పనని ఇంకో మేనమామ తేల్చాడు. బావ మాత్రం ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, తలకిందులు చేసి చూసి, "ఊళ్లో ఎవడూ చూడని కాశ్మీరు నాకు చూపించాడే మా బామ్మర్ది" అన్నాడు అక్కతో. అక్క నవ్వింది. నేనూ నవ్వాను.

గురువుగారు నవ్వలేదు. "రెండు పెట్టావా?" అన్నారు.

"చిన్నది పెట్టమన్నారు గదండీ."

నా మొహంలోకి కాసేపు చూశారు. నోరు తెరిచారు. ఆ నోట్లోంచి మాట రాకముందే తుమ్ము వచ్చింది. మిగిలిన నశ్యం తువ్వాలుకి తుడుచుకుని, "వెళ్లి ట్రేలు కడుగు" అన్నారు. కొట్టాయన మాత్రం తన మీసానికి మురిసిపోయి, ఆ ఫోటో పెద్దది చేయించి కొట్లో బల్ల వెనక గోడకి తగిలించుకున్నాడు.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. పట్టడమంటే మామూలు పట్టడం కాదు. కాయ చీలిస్తే పురుగు, పువ్వు విప్పితే పురుగు. మందు కొడితే ఒళ్లు విరుచుకుని మళ్లీ పాకేది. ఆకుల మీద అది చచ్చిపోయినట్టు పడుకుంటే రైతులు దానికి నటన కూడా వచ్చనేవాళ్లు. జోకులు అక్కడితో అయిపోయాయి. దసరా నాటికి ఊళ్లో మట్టి వాసన పోయింది, పొగ వాసన పోయింది, ఎటు తిరిగినా మందు వాసనే. చేలమ్మట పోతే నాలుక మొద్దుబారేది. అక్క అన్నం కలిపి ముద్ద పెడితే ఆ ముద్దలో కూడా అదే. బావ సబ్బుతో, బూడిదతో, చింతపండుతో చేతులు తోముకునేవాడు. "తోలు ఊడొస్తోంది గానీ కంపు ఊడట్లేదే" అనేవాడు.

కొట్టాయన కొత్త ఉపాయం చెప్పాడు. ఒక మందుకి లొంగకపోతే రెండు కలిపి కొట్టమన్నాడు. రెండూ ఘాటువే. బావ మూతికి తువ్వాలు చుట్టుకుని, వీపున ట్యాంకు తగిలించుకుని సాలు వెంట సాలు కొట్టేవాడు. గాలి ఎటు వీస్తే తుంపర అటు. ఒకరోజు గట్టు మీద నా పక్కన కూర్చుని ఆకాశం వైపు చూశాడు.

"మబ్బేసిందేంట్రా?"

చిటపటలాడే ఎండ. ఒక్క మబ్బు లేదు.

"నీ కళ్లల్లో వేసింది బావా" అన్నాను. నా మాటకి నేనే నవ్వుకున్నాను.

"మందు కొట్టిన రోజు ఇట్టానే ఉంటది. పట్టపగలే దీపం తగ్గించినట్టు." కళ్లు నులుముకుని లేచాడు.

ఆ తర్వాత ఓ ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పొద్దున్నుంచి మందు కొట్టి వచ్చి, "అన్నం పెట్టవే, ఆకలిగా ఉంది" అని బావ అరుగు మీద కూర్చున్నాడు. అక్క కంచం కడిగి తెచ్చేలోపు పక్కకి ఒరిగాడు. ఒళ్లంతా చెమట, నోటెంట నురగ, చేతులు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. ఎవరిదో జీపు దొరికితే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా ఆయన తల నా ఒళ్లో ఉంది. ఆసుపత్రిలో డాక్టరు వేలితో కనురెప్ప పైకెత్తి టార్చి వేశాడు. నేను పక్కనే ఉన్నాను. కంటి నల్లగుడ్డు మధ్యలో ఉండాల్సిన పాప లేదు. ఉంది గానీ, సూదితో పొడిచినంత చుక్క. వెలుతురు పోనివ్వకుండా ఎవరో తలుపు బిగించేసినట్టు ఉంది. డాక్టరు పక్కనున్న నర్సుకేసి చూశాడు. సాయంత్రానికి అయిపోయింది.

ఆయన్ని ఊరికి తీసుకొచ్చేసరికి మాకంటే ముందే మాట వచ్చేసింది. పురుగుమందు తాగాడంట.

ఆ ఏడు తాగినవాళ్లు ఉన్నారు. పక్క ఊళ్లో ఉన్నారు, ఆ పక్క ఊళ్లో ఉన్నారు. అందుకని ఆ మాట బావకి తేలిగ్గా అతుక్కుంది. అతికించింది మాత్రం కొట్టాయన. టీకొట్టు దగ్గర నలుగురిలో నిలబడి అన్నాడు. "రెండు కలిపి కొడితే పోయాడంటారేంటయ్యా? ఇన్నేళ్లుగా ఆ సీసాల మధ్యే కూర్చుంటున్నా. వాసనకే మనిషి పోయేట్టయితే ముందు నేను పోవాలి. తాగాడు. సందేహమే లేదు."

ఆయన మూతబిగించిన సీసాల మధ్య కూర్చున్నాడనీ, బావ మూత తీసి ఒళ్లంతా పోసుకున్నాడనీ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అనే వయసు కాదనుకున్నాను. బావ మందుని తాగలేదు, మందే బావని చుక్క చుక్కగా తాగిందని ఇప్పుడు రాయడం తేలికే.

అక్క మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పింది. "అన్నం పెట్టమన్నాడు. చావాలనుకున్నోడు అన్నం అడుగుతాడా?"

పెద్దకర్మకి పటం కావాలి. దండ వేయడానికి మొహం కావాలి. ఓటు కార్డు చూసి అక్క వాళ్ల అత్తగారు, "వీడు నా కొడుకు కాదు, పోలీసులు వెతికేవాడెవడో" అని తీసి అవతల పెట్టింది. అప్పుడు అక్క పెళ్లి ఫోటో పట్టుకుని, చంటిదాన్ని చంకనేసుకుని స్టూడియోకి వచ్చింది.

"ఈ గుంజ పక్కన మనిషిని పెద్దది చెయ్యి తమ్ముడూ. పిల్లకి మాటలొచ్చేసరికి నాన్న ఏడంటే చూపించాలి గదా."

గురువుగారు ఆ ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూశారు. నెగిటివు వెతికి తీశారు. అక్క బయట కూర్చోనంది. తనూ చీకటి గదిలోకి వచ్చింది. ఎర్రబల్బు వెలుగులో ముగ్గురం, చంటిది నిద్రలో. గురువుగారు నలుపు తెలుపు కాగితం మీద వెలుగు వేసి, ట్రేలో మందునీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపారు. మెల్లగా గుంజ వచ్చింది. గుంజ పక్కన బావ రావడం మొదలైంది. భుజాలొచ్చాయి. జుట్టు వచ్చింది. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు పరుచుకుంది. అక్క ట్రే మీదకి వంగింది.

"వస్తన్నాడు" అంది.

గురువుగారు కాగితం బయటికి తీయబోయారు.

"ఉండండి బాబాయిగారూ. ఇంకాసేపు ఉంచండి. తేల్తాడు."

ఉంచారు. బూడిదరంగు ముదిరింది. కళ్లు రాలేదు.

"ఇంకాసేపు" అంది అక్క.

ఇంకాసేపు ఉంచితే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన చేయి తీయలేదు. భుజాలు నల్లబడ్డాయి, జుట్టూ మొహమూ కలిసిపోయాయి, గుంజ కూడా పోయింది. కాగితం మొత్తం నల్లగా అయ్యాక అక్క నిటారుగా నిలబడింది. ఏడవలేదు. చంటిదాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

గురువుగారు ఇంకో కాగితం తీశారు. దానిమీద సన్నటి పెన్సిలుతో కనుబొమలు, కళ్లు, పెదాల గీత దిద్దారు. చక్కగా దిద్దారు. అక్క దాన్ని వెలుగులోకి తెచ్చి చూసింది.

"బాగున్నాడు. కానీ మనవాడు కాదు. ఆ మసకదే ఇవ్వండి" అంది.

మసకదే ఇచ్చాం. దండ దానికే వేశారు. భోజనాలకి వచ్చినవాళ్లు పటం ముందు నిలబడి, కళ్లు చికిలించి చూసి, విస్తరి దగ్గరికి పోయారు.

అది జరిగిన కొద్దిరోజులకి కొట్టాయన స్టూడియోకి వచ్చాడు. చంకలో అద్దం కట్టిన ఫోటో, అదే.

"ఈ వెనక గుంజ ఉంది చూడు, అక్కడి దాకా కోసేసి మళ్లీ ఫ్రేము కట్టు."

"ఎందుకండీ?" అన్నారు గురువుగారు.

"కొట్టుకొచ్చిన ప్రతివాడి కళ్లూ అక్కడికే పోతన్నాయి. బేరం మానేసి దాన్నే చూస్తన్నారు."

"మొహం కనపడదు గదండీ" అన్నాను నేను.

"కనపడకపోయినా గుర్తుపడతన్నార్రా, అదే గదా తలనొప్పి."

గురువుగారు బ్లేడు తీసుకుని, స్కేలు పెట్టి, తిన్నగా కోశారు. కొట్టాయన వెళ్లాక ఆ సన్నటి ముక్క బల్ల మీద మిగిలింది. ఆయన దాన్ని ఊడ్చెయ్యమనలేదు. వీధి తలుపు దగ్గరకి వేసి, కుర్చీ లాక్కుని, మొదటిసారి నాకు ఎదురుగా కూర్చున్నారు. కెమెరా నుంచి లెన్సు ఊడదీసి వెలుగుకేసి పట్టుకున్నారు.

"ఇట్లా చూడు. ఇది రెండు."

లెన్సు లోపల తలుపులు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. కిటికీలో వెలుగంతా లోపలికి వస్తోంది.

"అంకె చిన్నది, బెజ్జం పెద్దది. ఇదిగో, తిప్పుతున్నా. నాలుగు. ఎనిమిది. చూస్తున్నావా? ఇది పదహారు."

సన్నటి రేకులు ఒకదాని మీద ఒకటి జరిగి బిగుసుకున్నాయి. మధ్యలో సూదితో పొడిచినంత చుక్క మిగిలింది. నేను దాన్ని అంతకుముందు చూశాను. గుంటూరులో, టార్చి వెలుగులో, డాక్టరు వేలి కింద. గురువుగారు ఇంకా ఏదో చెబుతున్నారు. నేను లేచి బయటికెళ్లి కుళాయి కింద తల పెట్టాను. తిరిగొచ్చేసరికి ఆయన లెన్సు అట్లాగే పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"పెళ్లినాడే చెప్పాల్సింది" అన్నారు. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా దాచుకోకుండా చెప్పారు. బెజ్జం చిన్నదైతే లోతు వస్తుంది గానీ వెలుతురు చాలదు. చాలకపోతే షట్టరు తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఎవరూ కదలకూడదు. కదలనివాడు ఎంత వెనకున్నా పడతాడు. కదిలినవాడు ఎంత ముందున్నా చెదిరిపోతాడు.

ఇప్పుడు ఆ స్టూడియో లేదు. ఆ చోట ఫోన్లకి అద్దాలు అతికించే కొట్టు ఉంది. గురువుగారూ లేరు. పత్తికి కొత్తరకం గింజలొచ్చాయి, పురుగులకి కొత్త పేర్లొచ్చాయి. చంటిది పెద్దదై నాలాగే ఇంటర్లో లెక్కలు తప్పి, నాలా కాకుండా మళ్లీ రాసి గట్టెక్కింది. వాళ్లింట్లో పటం ఇప్పటికీ ఉంది. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు కళ్లు నులుముకోవాలనిపిస్తుంది. ఫోనులో వేలు వెనక్కి జరిపితే మనిషి తిరిగొచ్చే కాలం ఒకటి వస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పుంటే, అక్క ఇంకాసేపు కాదు, ఇన్నేళ్లూ ఆ ట్రే ముందే నిలబడి ఉండేది.

చెప్పాల్సింది ఇంకొక్కటే మిగిలింది.

బావ పోయాక వచ్చిన మాఘమాసంలో మందుల కంపెనీవాళ్లు కొట్టాయనకి మెరిసే బిళ్ల ఒకటి ఇచ్చారు. బాగా అమ్మినందుకు. దాన్ని పట్టుకుని, రైతుల మధ్య, పంట మధ్య కూర్చున్నట్టు ఫోటో పంపమన్నారు. ఊరవతల ఆయనకి మిరపకాయల కళ్లం ఉంది, దాని పక్కన పెద్ద రేకుల షెడ్డు. ఫోటో అక్కడే తీయాలన్నాడు. గురువుగారు కెమెరా, స్టాండు నా చేతికిచ్చారు.

"ఎంత పెట్టమంటారు?" అన్నాను.

"నీకు తెలుసుగా" అన్నారు.

షెడ్డులో ఎర్రటి రాశులు. తాలు కాయలు ఏరే ఆడవాళ్లు మూతులకి గుడ్డలు కట్టుకుని కూర్చుని ఉన్నారు. కొట్టాయన తెల్లచొక్కా, తెల్లపంచెతో వచ్చి రాశి ముందు కుర్చీలో కూర్చున్నాడు. బిళ్లని గుండెకి ఆనించుకున్నాడు. నేను ఆడవాళ్లని లేపి వెనక నిలబెట్టాను. గుడ్డలు తీయమన్నాను.

"వీళ్లెందుకురా?"

"నిండుగా ఉంటుందండీ. కంపెనీవాళ్లు జనం కావాలన్నారుగా."

ఫ్లాష్ బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. అయిపోలేదు. కెమెరా స్టాండు మీద బిగించి, లెన్సు పదహారుకి తిప్పాను. అప్పుడు మళ్లీ తలెత్తి, "రంగు తేలట్లేదండీ. ఆ రాశి ఒకసారి తిరగెయ్యండమ్మా" అన్నాను.

ఒక ముసలమ్మ సందేహించింది. "తిరగేస్తే ఘాటు లేస్తది బాబూ. మాకలవాటే గానీ, అయ్యగారు ఓర్చుకోలేరు."

"తిరగెయ్యవే, ఎర్రగా పడాలి" అన్నాడు కొట్టాయన.

తిరగేశారు. అడుగున మగ్గిన కాయల ఘాటు ఒక్కసారిగా పైకి లేచింది. ఆడవాళ్లు మళ్లీ తమ చోట్లకి వచ్చి నిలబడ్డారు. ఫోటో అంటే నవ్వకూడదు గనక బిగుసుకుని కెమెరాకేసి చూశారు. కొట్టాయనకి ముందు తుమ్ము వచ్చింది. తర్వాత దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగలేదు. ఒక చేత్తో బిళ్ల పట్టుకుని, ఒక చేత్తో గొంతు పట్టుకున్నాడు.

"ఒరేయ్... ఆపరా... ఊపిరాడట్లేదు... ప్రాణం పోయేట్టుంది!"

"వాసనేగా అండీ" అన్నాను. "వాసనకి మనుషులేం పోరు. మీకు తెలియందేముంది. కదలకండి."

నీళ్లు కారుతున్న కళ్లతో నాకేసి చూశాడు. అర్థమైందో లేదో నాకిప్పటికీ తెలియదు. నేను బటన్ నొక్కాను. తలుపు తెరుచుకుంది. అది మళ్లీ మూసుకునేదాకా నేనే ఊపిరి బిగబట్టాను.

ఒక్క ఫోటోకే ఆయన షెడ్డు బయటికి పరిగెత్తాడు.

ప్రింటు వచ్చింది. వెనక వరుసలో ప్రతి మనిషీ ఉంది. ముసలమ్మ ముక్కుపుడక, పక్కామె కనురెప్పల మీద కారం దుమ్ము, ఆ చివరమ్మాయి చెవిలో పెట్టుకున్న చీపురుపుల్ల, అన్నీ. ముందు కుర్చీలో తెల్లచొక్కా ఉంది, ఒళ్లో బిళ్ల ఉంది, కాలర్ పైన మాత్రం గాలికి కొట్టుకుపోయే పొగలాంటిదేదో ఉంది.

కొట్టాయన ఫోటో పట్టుకుని స్టూడియోలోకి వచ్చి నా మీద చెయ్యెత్తాడు. "నా మొహమేదిరా?"

నేను జవాబు చెప్పేలోపు గురువుగారు నశ్యం డబ్బీ మూసి లేచారు. "మీరు కదిలారండీ. వాళ్లు కదల్లేదు. మళ్లీ తీయమంటారా? అదే రాశి ముందు కూర్చోవాలి మరి."

ఆయన ఫోటో బల్ల మీద విసిరేసి వెళ్లిపోయాడు. గురువుగారు దాన్ని తీసి, తుడిచి, రోడ్డు వైపున్న అద్దాల బీరువాలో నడిమధ్యన తగిలించారు. సంతరోజు ఆ ఆడవాళ్లు గుంపుగా వచ్చి, అద్దానికి వేళ్లు ఆనించి, ఇది నేను, అది నువ్వు అని ఒకరినొకరు చూపించుకున్నారు. ముందు కూర్చున్నదెవరని దారినపోయేవాళ్లు అడిగితే, గట్టిగా పేరు చెప్పి మరీ నవ్వారు.

ఆ తర్వాత కొట్టాయన మోటారు సైకిలు మా స్టూడియో వీధిలోకి రావడం మానేసింది. బస్టాండుకి పోవాలన్నా, మురికి కాలవ పక్కనున్న సందులోంచి చుట్టూ తిరిగి పోయేది.